బోల్టు బాబాయి టర్బో

బోల్టు బాబాయి వ్యానుని చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన దాటి వెళ్ళిన రోజునే ఈ గొడవంతా మొదలైంది.

ఊరికే దాటిపోయి ఉంటే వేరే సంగతి. ఆయన ఆగి, కిటికీలోకి తల పెట్టి, "బండి చెడిపోయిందా బాబూ? కాస్త తొయ్యమంటావా?" అని అడిగాడు. బండి చెడిపోలేదు. మొదటి గేరులో, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి కొండెక్కుతోంది. బాబాయి ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోపు ముసలాయన మలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

పక్క సీట్లో ఉన్న మొక్కల పిన్ని ఏమీ అనలేదు. గడియారం చూసుకుంది. తిట్టే భార్య పక్కన కూర్చుని బండి నడపడం ఎవరికైనా వస్తుంది. ఏమీ అనకుండా గడియారం చూసుకునే భార్య పక్కన నడపడానికి మాత్రం చాలా అనుభవం కావాలి.

బాబాయి అసలు ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగిరీ. ఏ చొక్కా వేసుకున్నా జేబులో నాలుగు బోల్టులుంటాయి కాబట్టి వీధి వీధంతా ఆయన్ని బోల్టు బాబాయి అంటుంది. ఆవిడ పదకొండేళ్ళుగా ఇంటి పెరట్లో నర్సరీ నడుపుతోంది కాబట్టి మొక్కల పిన్ని. ఆ పదకొండేళ్ళలో ఆవిడకి వచ్చిన మొదటి పెద్ద బేరం కొండమీద స్కూలుది. వరండాలకి అరవై కుండీలు, ఏడాది పొడుగునా వాటి పోషణ. ఇది కుదిరితే పక్కనున్న ఖాళీ స్థలం కూడా తీసుకుని నర్సరీ పెంచాలని ఆవిడ ఆశ. ఆ స్థలంలో ఎక్కడ గులాబీలు పెట్టాలో, ఎక్కడ నీళ్ళ తొట్టి కట్టాలో కాగితం మీద బొమ్మ కూడా గీసి పెట్టుకుంది.

స్కూలువాళ్ళకి ఒక్కటే నియమం. ఎనిమిదింటికి గంట కొట్టగానే వాహనాలకి గేటు మూసేస్తారు. మళ్ళీ పిల్లలు ఇళ్ళకి వెళ్ళాకే తీస్తారు. ఆరోజు మన బండి చేరేసరికి ఎనిమిదీ ఇరవై.

హెడ్మిస్ట్రెస్ గేటు అవతల నిలబడి చాలా మర్యాదగా చెప్పింది. "వచ్చే సోమవారం ఇంకొక్కసారి చూస్తాం. అప్పుడూ ఆలస్యమైతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. ఏమీ అనుకోకండి."

అరవై కుండీలూ వచ్చిన దారినే తిరిగి వెళ్ళాయి. దిగేటప్పుడు మాత్రం బండి చాలా బాగా నడిచింది.

"తమ్ముడి ట్రక్కు అడుగుతాను" అంది పిన్ని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే.

"మనకి బండి ఉండగా మీ తమ్ముడి ట్రక్కెందుకే?"

"మనకున్నది బండి కాదండీ. చక్రాలున్న గది."

"ఇరవై రెండేళ్ళు మనకి సేవ చేసింది. దానికి కాస్త గౌరవం ఇవ్వాలి."

"ఇద్దాం. సన్మానం చేసి మరీ అమ్మేద్దాం. తమ్ముణ్ణి రేపే రమ్మంటాను. వెనకాల చెక్కలవీ లేపి, అడుగూ అదీ చూసి, ఎంతకి పోతుందో చెబుతాడు."

చెక్కలు లేపడం అనగానే బాబాయి గుండె గుభేలుమంది.

ఎందుకంటే, ఆ చెక్కల కింద నాలుగు క్వింటాళ్ళ ఇనుముంది.

బాబాయికి ఇనుమంటే ప్రాణం. రోడ్డు మీద తుప్పు పట్టిన స్ప్రింగు కనిపిస్తే, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు ఎత్తుకొచ్చేస్తాడు. అలా చేరినవే రెండు లారీ గేరు పెట్టెలు, కాలిపోయిన పంపుసెట్టు మోటారు, కుట్టుమిషన్ల కాళ్ళు, బస్తాడు సైకిలు చైన్లు, దేనికి సంబంధించిందో ఇప్పటికీ ఎవరికీ తెలియని ఒక పెద్ద పళ్ళ చక్రం. ఏమన్నా అంటే "పనికొస్తాయే" అనేవాడు. రెండేళ్ళ కిందట పిన్నికి పెరట్లో మొక్కలు పెట్టే చోటు లేక, ఒక ఆదివారం పొద్దున్నే ఆఖరి మాట చెప్పేసింది. "సాయంత్రానికి ఆ ఇనుము ఇల్లు దాటాలి. లేదా నేను దాటతాను."

ఇనుము ఇల్లు దాటింది. బాబాయి అదంతా వ్యానులో వేసుకుని వెళ్ళి, వ్యాను అడుగునే పరిచినట్టు సర్దేసి, పైన మూరెడెత్తున చెక్కలు బిగించి వచ్చాడు. ఇల్లు దాటమంది గాని, బండిలో ఉండకూడదని ఆవిడ అనలేదుగా అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. అంతా పాత సామాన్లవాడికి అమ్మేశానని పిన్నితో ఒట్టేసి చెప్పి, ఆ డబ్బుతో కొన్నానంటూ ఒక నీళ్ళ క్యాను కూడా తెచ్చిచ్చాడు. పిన్ని చాలా సంతోషించింది. అదే ఆయన్ని ఇప్పటికీ బాధపెడుతుంటుంది.

ఇనుము దించేస్తే బండి తేలికవుతుందని ఆయనకి తెలియక కాదు. కానీ దించాలంటే ముందు అది ఉందని ఒప్పుకోవాలి. రెండేళ్ళ అబద్ధాన్ని ఒప్పుకోవడం కన్నా ఇరవై రెండేళ్ళ ఇంజన్ని బాగుచెయ్యడం తేలికనిపించింది మన బాబాయికి.

"తమ్ముడూ వద్దు, ట్రక్కూ వద్దు. వారం రోజులు టైమియ్యి. బండికి టర్బో పెడతాను" అన్నాడు.

"అదేమిటి?"

"చూడు. ఇంజను పొగ వదుల్తుందా? ఆ పొగ ఊరికే గాల్లో కలిసిపోతుంది. టర్బోలో ఏం చేస్తామంటే, ఆ పొగ పోయే దారిలో ఒక ఫ్యాను పెడతాం. పొగ జోరుకి అది గిర్రున తిరుగుతుంది. దానికి ఇవతల ఇంకో ఫ్యాను. అది బయటి గాలిని లాగి ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలు బాగా మండుతుంది, బలం పెరుగుతుంది."

"అంటే బండి వదిలిన పొగ మళ్ళీ బండే పీల్చుకుంటుందా?"

"పొగ కాదే బాబూ, గాలి! గాలి తోస్తుంది!"

"గాలి తోస్తే కొండెక్కుతుందంటారు."

"ఎక్కడమేమిటి, ఎగురుతుంది!"

"ఎగరక్కర్లేదు. ఎనిమిదింటిలోపు గేట్లోకి పోతే చాలు" అంది పిన్ని. తర్వాత ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "నాకు ఈ బేరం కావాలండీ" అంది, మెల్లిగా.

ఆ మాటకి బాబాయి నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ లేచి ఆఫీసుకి వారం రోజులు సెలవు చీటీ రాసుకున్నాడు.

మర్నాడే పాత సామాన్ల అంగడికి వెళ్ళి, గుద్దుకుపోయిన ఒక లారీలోంచి టర్బో ఊడదీయించి తెచ్చాడు. గుమ్మడికాయంత ఉంది. చుట్టలు చుట్టుకున్న నత్తగుల్లలా ఉంది. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టడమొక్కటే తక్కువ, అంత ప్రేమగా తుడిచి బల్ల మీద పెట్టాడు. మెకానిక్కుని పిలుచుకొచ్చి చూపించాడు.

ఈ మెకానిక్కుని అందరూ చూద్దాం మేస్త్రి అంటారు. బాగవుతుందా అంటే చూద్దాం, ఎప్పుడవుతుంది అంటే చూద్దాం. ముప్పై ఏళ్ళలో ఆయన నోట మరో జవాబు విన్నవాళ్ళు లేరు. అలాంటి మనిషి టర్బోని చూసి, బండిని చూసి, బాబాయిని చూసి, "వద్దు" అన్నాడు.

"అదేమిటి మేస్త్రీ!"

"ఇది లారీది. ఇంజను చిన్నది, పైగా ముసలిది. సరే, మీరంతగా అడుగుతున్నారు కాబట్టి శుక్రవారం షెడ్డుకి తీసుకురండి. దీనికి ఆయిలు పోయే పైపు, తిరిగొచ్చే పైపు సరిగ్గా కుదరాలి. వేడికి తట్టుకునే పైపులే వెయ్యాలి. అప్పటిదాకా ముట్టుకోకండి. చూద్దాం."

ముట్టుకోవద్దు అన్న మాట తప్ప మిగతావన్నీ బాబాయి శ్రద్ధగా విన్నాడు.

గురువారం పిన్ని మొక్కలకి ఎరువు తేవడానికి వెళ్ళగానే, బానెట్ తెరిచి పని మొదలెట్టాడు. ఇంజన్లోకి పోయే గాలిని వడకట్టే పాత గాలి డబ్బా పీకేశాడు. పొగ గొట్టానికి టర్బో బిగించాడు. గాలి గొట్టానికి స్నానాలగది పనిలో మిగిలిపోయిన ప్లాస్టిక్ పైపు వంపు ఒకటి సరిగ్గా సరిపోయింది. ఆ సరిపోవడం చూసి కళ్ళు చెమర్చాయి. ఆయిలు పోయే పైపు దొరికింది. తిరిగొచ్చే పైపే లేదు. ఇల్లంతా వెతికాడు. చివరికి నర్సరీలో మొక్కలకి నీళ్ళు పట్టే ఆకుపచ్చ గొట్టం కనిపించింది. నీళ్ళు పోయే గొట్టంలో ఆయిలు పోదా అనుకుని మూరెడు కోసి బిగించేశాడు.

పిన్ని తిరిగొచ్చేసరికి బాబాయి స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏమిటండీ అది? మేస్త్రి రేపు కదా..."

"మేస్త్రి దేనికే? విను!" అని తాళం తిప్పాడు.

ఇంజను లేచింది. సన్నగా ఈల వినిపించింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. "విన్నావా? అదీ టర్బో అంటే!" అని కాలు కాస్త నొక్కాడు. ఈల పెద్దదైంది. ఎదురింటి రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు గుమ్మంలోకి వచ్చి, ఈల ఎవరు వేశారా అని చూశాడు.

ఇంజను వేడికి ఆకుపచ్చ గొట్టం మెత్తబడింది. మెత్తబడి మెలికపడింది. దాంతో తిరిగి రావలసిన ఆయిలు తిరిగి రాకుండా టర్బోలో నిండి, అక్కణ్ణుంచి గాలి గొట్టంలోకి, గాలితోపాటు ఇంజన్లోకి దూరింది. డీజిలు ఇంజను ముందు ఏది పెట్టినా తినేస్తుంది. ఆయిలు తినడం మొదలెట్టింది.

బాబాయి కాలు తీసేశాడు. ఇంజను జోరు తగ్గలేదు, పెరిగింది. తాళం వెనక్కి తిప్పేశాడు. ఇంకా పెరిగింది. కంగారుపడి తాళంచెవి పీకి చేత్తో పట్టుకున్నాడు. తాళంచెవి చేతిలో ఉంది, ఇంజను మాత్రం గుండెలవిసేలా అరుస్తోంది.

"ఆపండీ!"

"ఆపేశానే!"

"మరి ఆగదేం?"

"దాన్నే అడుగు!"

వెనకనుంచి తెల్లటి పొగ ఇంత లావున తన్నుకొచ్చి ముందు ఇంటిని, తర్వాత వీధిని మింగేసింది. పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లు కనపడక, ఎవరో ఎత్తుకెళ్ళారని కేకలు మొదలెట్టింది. డ్రిల్లు మాస్టారు నిజంగానే ఈల తీసి ఊది, "ఎడమకి తిరుగు! పరుగెత్తు!" అంటూ వీధిని ఖాళీ చేయించసాగాడు. ఎడమవైపు గోడ ఉంది. ఇద్దరు ముగ్గురు గుద్దుకున్నారు.

బాబాయి కిందికి దూకి, ఏది దొరికితే అది పీకుదామని బానెట్‌లో చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళు చుర్రుమన్నాయి. "అయ్యో, పేలిపోతుందే! నువ్వు దూరం పోవే!" అని అరిచాడు. తన బండి సంగతి అప్పుడాయనకి గుర్తే రాలేదు, పిన్నికేమైనా అవుతుందనే భయం ఒక్కటే ఉంది.

పిన్ని దూరం పోలేదు. కుండీల కింద పెట్టే మట్టి పళ్ళెం ఒకటి అందుకుని, తడి గోనెసంచి చుట్టి, గాలి లాగుతున్న టర్బో నోటికి అడ్డంగా అదిమిపెట్టింది. ఇంజను ఒక్కసారి ఉక్కిరిబిక్కిరయింది. దగ్గింది. ఒళ్ళంతా కుదుపుకుని చచ్చినట్టు ఆగిపోయింది.

పొగలోంచి బాబాయి గొంతు వినిపించింది. "నీకెలా తెలిసిందే?"

"గాలి తోస్తుంది, గాలి తోస్తుందని మీరేగా వంద సార్లు చెప్పారు. గాలి ఆపితే ఆగదా మరి?"

ఆ రాత్రికి పెద్ద యుద్ధమే జరుగుతుందని బాబాయి సిద్ధపడ్డాడు. యుద్ధం జరగలేదు. పిన్ని ఆయన వేళ్ళకి మందు రాసి కట్టు కట్టి, "రేపు బండిని తాళ్ళేసి షెడ్డుకి లాక్కుపొమ్మని మేస్త్రికి చెప్పాను. ఇక దాన్ని మీరు ముట్టుకోకూడదు. సోమవారం స్కూలు చేరేదాకా బానెట్ తెరవకూడదు. సరేనా?" అంది.

"టర్బో?"

"మేస్త్రి చూసుకుంటాడు."

ఇంత తేలిగ్గా బయటపడినందుకు బాబాయికి కాస్త అనుమానం వచ్చింది గాని, అనుమానించే స్థితిలో లేడు కాబట్టి ఊరుకున్నాడు.

శుక్రవారం భోజనాల దగ్గర పిన్ని అడిగింది. "బండి సంగతి నాకింకేమైనా చెప్పాలా?"

"ఏముంది, ఆ గొట్టం ఒక్కటే తప్పు. మిగతా పనంతా అద్భుతం" అన్నాడు బాబాయి.

శనివారం మళ్ళీ అడిగింది. "ఇంకేమీ లేదుగా చెప్పాల్సింది?"

"ఆ ఈల విన్నావు కదా? రాగంలో ఉంది."

ఆదివారం కూడా అడిగింది. ఈసారి అన్నం వడ్డించడం ఆపి అడిగింది. బాబాయి నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, చాలా సేపు ఆలోచించి, "కూర బాగుందే" అన్నాడు.

సోమవారం పొద్దున మేస్త్రి దగ్గరుండి కుండీలన్నీ ఎక్కించాడు. బాబాయి కట్టు వేళ్ళతోనే స్టీరింగు పట్టుకున్నాడు. "ఎలా ఉంటుంది మేస్త్రీ?" అంటే, "చూద్దాం" అని, ఎందుకో అటు తిరిగి దగ్గాడు.

బండి కొండ మొదట్లో రెండో గేరులో ఉంది. మొదటి మలుపులోనూ రెండులోనే ఉంది. రెండో మలుపు దాటాక మూడోది వేస్తే, మారు మాట్లాడకుండా మర్యాదగా తీసుకుంది. బాబాయికి ఆనందం పట్టలేదు.

"చూశావా? వింటున్నావా ఆ ఈల?"

"వింటున్నాను" అంది పిన్ని, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మీ తమ్ముడి ట్రక్కుకి ఉందా ఇలాంటి ఈల?"

"లేదండీ. ఎవరికీ లేదు."

స్కూలు చేరేసరికి ఏడూ ముప్పావు. గేటు బార్లా తెరిచి ఉంది. హెడ్మిస్ట్రెస్ గడియారం చూసుకుని ఆశ్చర్యపోయింది. "పోయిన వారం ఎనిమిదీ ఇరవై, ఇవాళ ఇంత తొందరగా! ఏం చేశారండీ బండికి?"

ఆ ప్రశ్న కోసం బాబాయి తెల్లవారుజాము నుంచి ఎదురుచూస్తున్నాడు.

"ఎందుకులెండి, ముందు కుండీలు దించుదాం" అంది పిన్ని. ఆయన చొక్కా కొస కూడా పట్టుకుని లాగింది. బాబాయి ఆగితేగా! పొగ, ఫ్యాను, గాలి అంటూ మొదలెట్టి, ప్రపంచంలో టర్బో అనేదాన్ని కనిపెట్టింది తనేనేమో అనిపించేలా చెప్పుకుపోయాడు. హెడ్మిస్ట్రెస్‌కి ముచ్చటేసి, "పిల్లలు కూడా చూస్తే బాగుంటుంది" అని సైన్సు టీచరుని, తొమ్మిదో తరగతిని పిలిపించింది. పాతికమంది పిల్లలు బండి చుట్టూ చేరారు.

"ఇప్పుడు చూడండి పిల్లలూ!" అని బాబాయి బానెట్ ఎత్తాడు.

టర్బో లేదు. దాని స్థానంలో, గురువారం తాను పీకి పారేసిన పాత గాలి డబ్బా, శుభ్రంగా తుడుచుకుని, ఎప్పటిలాగే కూర్చుని ఉంది.

బాబాయి కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. వంగి అడుగున కూడా చూశాడు.

రెండు జడల పిల్ల ఒకతి అడిగింది. "టర్బో ఏదంకుల్?"

"ఉంటుందమ్మా, లోపలెక్కడో..." అని బాబాయి మెల్లిగా తలెత్తి పిన్ని వైపు చూశాడు. ఆవిడ వెనక తలుపు తీసి, కుండీల ముందున్న చెక్కని ఒక చివర పట్టుకుని పైకెత్తింది. ఆయన వెళ్ళి వంగి చూశాడు. అడుగున ఖాళీ.

"ఎప్పుడు?" అన్నాడు, వంగిన చోటే తల తిప్పి.

"శుక్రవారం. జాకీ పెడితే వెనకవైపు లేవలేదట. అమ్మా, బండిలో ఏమైనా మర్చిపోయారా అని మేస్త్రి ఫోన్ చేశాడు. వెళ్ళి చూశాను. ఇనుమంతా దింపించి, టర్బో తీసి పాత డబ్బా బిగించి, బండిని ఒకసారి కొండెక్కించాడు. దీనికి టర్బో అక్కర్లేదమ్మా, బాబాయిగారితో ఒక్క మాట చెబితే చాలు అన్నాడు."

"మరి నాకు..."

"మూడు రోజులు అడిగానండీ, మూడు పూటలు. ఇంజను విప్పారు, వేళ్ళు కాల్చుకున్నారు, వీధంతా పొగబెట్టారు. నోరు మాత్రం విప్పలేదు. నా బేరం పోతున్నా విప్పలేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే బాబాయికి ఎక్కువ తగిలింది.

పిల్లలు ఎదురుచూస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ కూడా చూస్తోంది. పిన్ని ఒక్కమాట అంటే ఆయన పరువు గంగలో కలిసిపోతుంది. ఆవిడ ఆ మాట అనకుండా, "చెప్పండి, పిల్లలడుగుతున్నారు" అని మాత్రం అంది.

బాబాయి బానెట్ మూసి, కట్టు కట్టిన చెయ్యి వెనక దాచుకుని చెప్పాడు. "టర్బో లేదమ్మా. బండిలో నాలుగు క్వింటాళ్ళ ఇనుముండేది. అది తీసేశారు. అందుకే ఎక్కింది."

సైన్సు టీచరు తెగ సంబరపడిపోయాడు. "విన్నారా! ప్రతిసారీ బలమే పెంచక్కర్లేదు, బరువు తగ్గించినా చాలు!" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రెండు జడల పిల్ల మాత్రం కొట్టలేదు. "అంత ఇనుము ఎవరు పెట్టారంకుల్?"

"నేనే."

"ఎందుకు?"

బాబాయి చుట్టూ చూశాడు. తప్పించుకోవడానికి దారి లేదు. "మా ఆవిడకి తెలియకూడదని" అన్నాడు.

పాతిక తలలూ ఒక్కసారి పిన్ని వైపు తిరిగాయి. ఆవిడ ఆపుకోవాలనే చూసింది. వల్ల కాలేదు. ముందు ఆవిడే నవ్వింది. తర్వాత పిల్లలు, తర్వాత హెడ్మిస్ట్రెస్. కాసేపటికి, ఇంకేం చెయ్యాలో తోచక, బాబాయి కూడా నవ్వాడు.

హెడ్మిస్ట్రెస్ ఒప్పందం కాగితం మీద సంతకం చేసి పిన్ని చేతికిచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుని మడిచి జాగ్రత్తగా దాచుకుంది.

"అంతా అమ్మేశావా?" అన్నాడు బాబాయి, గొంతు బాగా తగ్గించి.

"అంతా."

"ఆ పెద్ద పళ్ళ చక్రం కూడానా?"

"అదే ముందు."

బాబాయి చొక్కా చేతులు పైకి మడిచాడు. అరవై కుండీలూ ఒక్కడే దించాడు. మధ్యలో ఎక్కడా నడుం నొప్పి అనలేదు. అంతా అయ్యాక తాళంచెవి తీసి, అడక్కుండానే పిన్ని చేతికిచ్చి, పక్క సీట్లో వచ్చి కూర్చున్నాడు.

"చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?" అని పిన్ని బండి స్టార్టు చేసింది.

"స్నానాలగదిలో అటక మీద..." అన్నాడు బాబాయి, "ఒక చిన్న మోటారుంది."